తేలాకే అడుగుతాను

పశువుల ఆస్పత్రికి టీ ఫ్లాస్కు పట్టుకొచ్చిన మొదటి మనిషి కరుణాకరే అయ్యుంటాడు.

మిగతా అందరూ పలుపులు పట్టుకుని వచ్చారు. ఆ పలుపుల అవతలి కొసన గేదెలున్నాయి, ఆవులున్నాయి, బెదురు చూపుల దూడలున్నాయి. కరుణాకర్ దగ్గర మాత్రం చేతిలో స్టీలు ఫ్లాస్కు, చొక్కా జేబులో దూదిలో చుట్టిన నల్లటి బిళ్ళ తప్ప ఏమీ లేవు. అయినా బుద్ధిగా వరసలో నిలబడ్డాడు. ముందున్న గేదె తోకతో మొహం మీద ఒకటిచ్చినా కదల్లేదు. అనుకున్న పని అయ్యేదాకా కదలకపోవడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

"ఏమైంది?" డాక్టరు తలెత్తకుండానే అడిగింది.

"నాకేం కాలేదండి."

"మీ సంగతి కాదు. పశువేదీ?"

"పశువు లేదండి. కొంచెం లిక్విడ్ నైట్రోజన్ కావాలి. ఈ ఫ్లాస్కులో సగం పోస్తే చాలు."

అప్పుడు తలెత్తింది. నోరు కాస్త తెరిచింది కూడా.

కరుణాకర్‌కి పర్చూరులో, ఇంటి ముందుగదిలో చిన్న డెంటల్ ల్యాబ్ ఉంది. చీరాల, ఒంగోలు డాక్టర్లు అచ్చులు పంపిస్తే పింగాణీ పళ్ళు చేసి పంపుతాడు. అందుకని ఎవరు నోరు తెరిచినా ముందు పళ్ళు చూస్తాడు, తర్వాతే మనిషిని. ఈ డాక్టరమ్మకి పై వరసలో ఎడమవైపు పన్ను మీద పన్ను ఉంది. అలాంటిది కనిపిస్తే సరిచేయాలని అతనికి చేతులు దురద పెడతాయి. ఈ పన్ను జోలికి మాత్రం ఎవరైనా వస్తే ఊరుకోకూడదనిపించింది.

"నైట్రోజన్ ఎందుకు?"

"సూపర్ కండక్టర్ చేస్తున్నానండి. ఇంట్లో."

"అదేం జబ్బు?" అని వెనకున్న రైతు పక్కవాణ్ణి అడిగాడు.

కరుణాకర్ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇలా ఉంటే ఇది ఉత్త పెంకండి. బాగా చల్లబరిస్తే అయస్కాంతాన్ని దగ్గరికి రానివ్వదు. పైన పెడితే గాల్లోనే ఆగిపోద్ది. దానికి కావలసినంత చల్లదనం ఈ చుట్టుపక్కల మీ జారులోనే ఉంది."

ఆమె గది మూలనున్న బొర్ర జారు వైపు చూసింది. "అందులో ఇంకేముందో తెలుసా?"

"తెలియదండి."

"ఒంగోలు గిత్తల వీర్యం నింపిన స్ట్రాలు. కొన్ని చచ్చిపోయిన గిత్తవి. అవి మళ్ళీ రమ్మన్నా రావు. నైట్రోజన్ తగ్గిందంటే ఒక తరం పోతుంది. మీ ఆటకి ఇచ్చే సరుకు కాదది."

"ఆట కాదండి."

"టీ కొట్టు బస్టాండు పక్కన. ఫ్లాస్కు అక్కడ నింపించుకోండి. తర్వాత ఎవరు?"

గేదె తోక మళ్ళీ ఒకటిచ్చింది.

ఆట కాదని ఎందుకన్నాడంటే, దానికో కథ ఉంది. ఇంటర్లో ఉండగా కరుణాకర్ ఈ బిళ్ళల సంగతి ఒక పత్రికలో చదివి, మనమూ చేద్దామా సార్ అని లెక్చరర్ని అడిగాడు. ఆయన నవ్వి, "అవి మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లో అయ్యేవి కాదురా, ఏదన్నా చేతిపని నేర్చుకో" అన్నాడు. డిగ్రీ సగంలో ఆగింది, చేతిపనీ నేర్చుకున్నాడు. కానీ పళ్ళు కాల్చే ఫర్నెస్ కొన్న రోజున దాని మీద అంకెలు చూసి నిలబడిపోయాడు. బిళ్ళకి కావలసిన వేడి దానికుంది. ఇక ఆగలేదు. హైదరాబాదు నుంచి పార్సిల్లో పొడులు తెప్పించాడు. అందులో బేరియం విషం గనక మూతికి గుడ్డ కట్టుకుని, దానికంటూ విడిగా పెట్టుకున్న కల్వంలో గంటల తరబడి నూరాడు. మనలాంటి వాళ్ళ ఇంట్లోనే ఇది అవుతుందని ఒక్కసారి, ఒకే ఒక్కసారి కళ్ళతో చూడాలి. అతనికి కావలసింది అంతే.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, ఫ్లాస్కు లేకుండా.

"ఇవాళ ఏం కావాలి?" అంది డాక్టరు.

"ఏం వద్దండి. మీ బుడేగారు ఒక్కరే పశువుల్ని పట్టుకోలేకపోతున్నారు. పడతాను."

అటెండరు బుడే రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి. అల్లా తన మొర విన్నాడనుకున్నాడు. కరుణాకర్ ల్యాబ్ తెరిచేలోపు రోజూ పొద్దున్నే వచ్చి గేదెల కొమ్ములు పట్టుకున్నాడు, దూడల మూతులు పట్టుకున్నాడు. ఓ రోజు సూది చూసి బెదిరిన కోడె అతన్ని ఆవరణంతా ఈడ్చింది. మోకాళ్ళు గీరుకుపోయాయి గానీ పలుపు వదల్లేదు.

"వదిలెయ్యొచ్చు కదా," అంది ఆమె దూదితో టింక్చరు అద్దుతూ.

"వదిలేస్తే మీ మీదకొచ్చేది."

ఆమె దూది కాస్త గట్టిగానే నొక్కింది. కానీ ఆ ఆదివారం చర్చిలో, పాస్టరుగారు దీర్ఘంగా ప్రార్థన చేస్తుండగా కరుణాకర్ ఒక కన్ను తెరిచి ఆడవాళ్ళ వైపు చూస్తే, డాక్టర్ లిడియా రెండు కళ్ళూ తెరిచి ఇటే చూస్తోంది. ఇద్దరూ గబుక్కున మూసుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు.

మర్నాడు పిలిచి చెప్పింది. "నైట్రోజన్ బండి వచ్చిన రోజు రండి. జారు నిండాక గొట్టంలో మిగిలింది మీది. జారులోంచి చుక్క కూడా అడక్కూడదు."

"అడగనండి."

"ముందు లెవెల్ చూడ్డం నేర్చుకోండి." సన్నటి కర్ర జారులో ముంచి, తీసి, గాల్లో ఊపింది. కర్ర మీద తెల్లగా మంచు పట్టింది. "మంచు ఎంతవరకూ ఉంటే నైట్రోజన్ అంతవరకూ ఉన్నట్టు. ఈ గీత కిందికి దిగిందంటే నాకు నిద్ర ఉండదు."

బండి వచ్చింది. ఫ్లాస్కు అడుగున కాస్త దొరికింది. స్టీలు గిన్నెలో బిళ్ళ పెట్టి పోస్తే బుసబుసమని పొగలు లేచాయి. పాడైపోయిన కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లోంచి పీకి, ముక్కలు చేసి ఉంచుకున్న అయస్కాంతంలో బియ్యపు గింజంత ముక్కని ట్వీజర్‌తో దాని మీద పెట్టాడు. అది టక్కున బిళ్ళ మీద పడి అక్కడే కూర్చుంది.

"తేలిందా?" బుడే వంగి చూశాడు.

"లేదు."

"తేలుద్దా?"

"తేలుద్ది."

తర్వాతి బండికి ఇంకో బిళ్ళ తెచ్చాడు. అదీ తేల్లేదు. ఆ తర్వాతది కాల్పులోనే పచ్చబడింది. ఆపై తెచ్చినది అచ్చం పత్రికలో బొమ్మలాగే నల్లగా నిగనిగలాడింది, తేలడం మాత్రం తేల్లేదు. ఆస్పత్రికొచ్చే రైతులు ఇప్పుడు గేదెల కంటే ముందు బిళ్ళ క్షేమం అడుగుతున్నారు.

ఒకరోజు లిడియా ఆ నల్ల బిళ్ళని వెలుతురులో తిప్పి చూస్తూ అడిగింది. "దీన్ని ఫర్నెస్‌లోంచి ఎప్పుడు తీస్తారు?"

"ఎర్రగా ఉండగానేనండి. ట్రే లాగి బయట పెట్టేస్తాను."

"ఎందుకు?"

"ఎందుకంటే..." కరుణాకర్ ఆగాడు. "పళ్ళు అలాగే తీస్తామండి."

"ఇది పన్ను కాదు కదా."

పత్రికలో ఉంది, చదివాడు కూడా. కాలిన బిళ్ళ నెమ్మదిగా చల్లారాలి. చల్లారుతూ ఆక్సిజన్ పీల్చుకుంటేనే దానికి ఆ గుణం వస్తుంది. చదివినదంతా బుర్రలోనే ఉంది. చేతులు మాత్రం ఇన్నాళ్ళ అలవాటు కొద్దీ ప్రతిసారీ ఎర్రటి బిళ్ళని పన్నులా బయటికి లాగేస్తున్నాయి. ఎంత తెలివితక్కువ పని చేశాడో తలుచుకుంటే తన చేతుల మీద తనకే కోపం వచ్చింది.

"మీకు తొందరెక్కువ," అంది లిడియా.

"నాకా? ఇన్నాళ్ళుగా గేదెలు పట్టుకుంటూ ఉన్నాను కదండి."

"ఇన్నాళ్ళుగా గేదెలు పట్టుకోవడమే కదా చేస్తున్నారు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అందులో ఏముందో అర్థం కానట్టు కరుణాకర్ బుడే వైపు చూశాడు.

బుడే తల కొట్టుకున్నాడు. "అడగండి సార్."

"ఏం అడగాలి?"

"నా నోటితో చెప్పించకండి."

కరుణాకర్‌కి అర్థమైంది. చాలా రోజుల కిందే అర్థమైంది కూడా. "తేలాకే అడుగుతాను బుడేగారూ. ఒక్కటైనా సాధించానని చూపించి అడగాలి. ఉత్త చేతుల్తో అడగను."

"అది తేలేలోపు మీరు మునుగుతారు. అమ్మగారి వాళ్ళమ్మ ఒంగోలు సంబంధం చూసింది. బ్యాంకు ఆఫీసరంట. వచ్చే ఆదివారం చర్చి అయిపోగానే చూడ్డానికొస్తున్నారు."

లిడియా వాళ్ళమ్మ పేరు ఎలీసమ్మ. ఒంగోలులో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కిందటి నెల ఇక్కడ చర్చికి వచ్చినప్పుడు కరుణాకర్‌ని ఏం చేస్తావు బాబూ అని అడిగింది. పళ్ళు చేస్తానండి, మిగతా టైములో అయస్కాంతాన్ని గాల్లో నిలబెట్టాలని చూస్తున్నానండి అని నిజమే చెప్పాడు. ఆవిడ కూతురితో ఏమందో లిడియానే నవ్వుతూ చెప్పింది. "గాల్లో నిలబెట్టేవాడు కాదు, నేల మీద నిలబడేవాడు కావాలంది మా అమ్మ." అప్పుడు అతనూ నవ్వాడు. ఇప్పుడు నవ్వు రాలేదు.

ఆ వారం కరుణాకర్ చేసిన పని మామూలుది కాదు. వెల్డింగ్ షాపు ఖాదర్ వలిని బతిమాలి ఆక్సిజన్ సిలిండరు తెచ్చుకున్నాడు. కరెంటు కోత ఎప్పుడుందో సబ్‌స్టేషన్‌లో కనుక్కుని, మధ్యలో పోకుండా చూసుకుని ఫర్నెస్ వెలిగించాడు. బిళ్ళ ఎర్రబడింది. చేతులు అలవాటుగా ట్రే వైపు వెళ్ళాయి. వెనక్కి లాక్కుని వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేడిని కొంచెం కొంచెంగా దించాడు. తెల్లారి పూర్తిగా చల్లబడ్డాకే తలుపు తీశాడు. బిళ్ళ చూడ్డానికి పాతదానిలాగే ఉంది. తేలుతుందో లేదో నైట్రోజన్ చెప్పాలి.

శుక్రవారం కబురొచ్చింది. నైట్రోజన్ బండి దారిలో పాడైంది, వచ్చే వారం గానీ రాదు.

"జారులో వారానికి సరిపడా ఉంది," అంది లిడియా, అతని మొహం చూడకుండా. "కానీ..."

"అడగనన్నాను కదండి. ఆ మూల పడేసిన చిన్న నైట్రోజన్ క్యాన్ ఒకసారి ఇస్తారా? గుంటూరు గ్యాస్ ప్లాంటులో కొనుక్కొస్తాను."

"స్కూటర్ మీదా?"

"స్కూటర్ మీదే."

"ఎందుకంత పట్టుదల? వారం ఆగితే ఏం పోతుంది?"

ఏం పోతుందో ఆమెకి చెప్పలేడు. "ఆగితే కుదరదండి" అని ఊరుకున్నాడు. క్యాన్ మూత విరిగిపోయి ఉంటే థర్మోకోల్ చెక్కి, ఆవిరి పోయేలా వదులుగా కొత్తది చేశాడు.

శనివారం చీకటితో బయల్దేరాడు. తిరుగు దారిలో క్యాన్ కాళ్ళ మధ్య పెట్టుకుని, తాడుతో కట్టుకుని, గుంతలు తప్పించుకుంటూ నడిపాడు. గుంటూరు దాటేదాకా మిర్చి బస్తాల లారీలు ముందూ వెనకా. తుమ్ము వచ్చినప్పుడల్లా స్కూటర్ ఆపి, క్యాన్ పట్టుకుని తుమ్మి, మళ్ళీ బయల్దేరాడు. చిలకలూరిపేటలో టీ తాగుతుంటే ఒకాయన "ఏంది బాబూ, నీ బండిలోంచి పొగొస్తంది" అన్నాడు.

"చల్లటి పొగేలెండి."

"పొగ చల్లగుంటదా?" అని ఆయన గ్లాసు పట్టుకుని దూరంగా జరిగాడు.

పర్చూరు దగ్గరవుతుంటే అదను లేని వాన తగులుకుంది. కల్లాల్లో జనం మిరపకాయల మీద పట్టాలు కప్పడానికి పరుగెడుతున్నారు. కరుణాకర్ చొక్కా విప్పి క్యాన్ మూతకి చుట్టాడు. బనీనుతో, తడిసి ముద్దై, ఆస్పత్రి ముందు దిగాడు. దిగుతూనే నవ్వాడు. క్యాన్ నిండుగా ఉంది, బిళ్ళ ప్యాంటు జేబులో ఉంది, ఆదివారం రేపు.

లోపల ఎవరూ నవ్వడం లేదు.

బొర్ర జారు మెడ నుంచి అడుగు దాకా బయటంతా తెల్లగా మంచు పట్టింది. లిడియా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గుమ్మంలో ఎలీసమ్మ క్యారేజీతో నిలబడి ఉంది. ఊరి నుంచి వచ్చి, కూతురికి భోజనం తెచ్చినట్టుంది.

"జారు లోపల పగిలింది సార్," అన్నాడు బుడే. "చల్లదనం బయటికి వచ్చేస్తంది. పొద్దున గీత దాకా ఉంది. ఇప్పుడు..."

లిడియా కర్ర ముంచి తీసి ఊపింది. మంచు కొసన వేలెడు కూడా లేదు.

"గంటలో అయిపోతుంది," అంది. "బూత్‌కెళ్ళి అన్ని చోట్లకీ ఫోన్ చేశాను. ఎవరి దగ్గరా లేదు. ఆ గిత్త స్ట్రాలు ఇంకెక్కడా లేవు కరుణాకర్ గారూ."

కరుణాకర్ తన క్యాన్ వైపు చూశాడు. గుంటూరు నుంచి ఇక్కడి దాకా వానలో ఒళ్ళో బిడ్డలా తెచ్చుకున్నాడు దాన్ని. జేబులో బిళ్ళ ఉంది. రేపు ఆదివారం. ఒక గిన్నెడు ముందు తీసి పెట్టుకోవచ్చు కదా అని బుర్ర చెప్పింది. క్యాన్ గొంతు దాకా ఉంటేనే స్ట్రాలు వచ్చే వారం దాకా నిలుస్తాయని కూడా చెప్పింది.

క్యాన్‌కి చుట్టిన చొక్కా విప్పి మూత తీశాడు. "ఇందులోకి మార్చండి. నిండుగా ఉంది."

లిడియా తలెత్తింది. "ఇది మీ..."

"మాట్లాడేకొద్దీ ఆవిరవుద్ది. స్ట్రాలు నేను తీస్తాను. నా చెయ్యి వణకదు."

స్కూటర్ డిక్కీలోంచి పొడుగు ట్వీజర్లు తెచ్చాడు. పంటి మీద పింగాణీ దిద్దే చేతులవి. ఆమె స్ట్రాలున్న ఒక్కో సన్నటి గిన్నెని జారు మెడ దాకా లేపి పట్టుకుంటే, అతను చిన్న చిన్న కట్టలుగా పట్టి రెప్పపాటులో క్యాన్‌లోకి దింపాడు. వేళ్ళు చల్లటి ఆవిరికి మొద్దుబారాయి, ఆపలేదు. చివరి కట్ట దిగాక ఆమె కర్ర ముంచి చూసింది. మంచు నిండుగా పట్టింది.

లిడియా గోడకి చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది. బుడే "యా అల్లా" అని కుర్చీలో కూలబడ్డాడు.

కరుణాకర్ తడి చొక్కా తొడుక్కుని, ట్వీజర్లు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే వస్తానండి. ఈసారికి కాదులెండి."

"ఏం కాదు ఈసారికి?"

"ఏం లేదండి."

"ఏం లేకపోవడమేంటి సార్," బుడే ఇక ఆగలేకపోయాడు. "బిళ్ళ తేలాకే మిమ్మల్ని అడుగుతానని ఒట్టు పెట్టుకున్నాడమ్మగారూ. రేపటిలోగా తేలాలని గుంటూరు పోయొచ్చాడు."

లిడియా లేచి అతని ఎదురుగా నిలబడింది.

"తేలకపోతే అడగరా?"

"అడగకూడదనుకున్నానండి."

"ఇప్పుడే అడగండి. తేలాక అడిగితే దాన్ని చూసి ఒప్పుకున్నానని జన్మంతా అనుకుంటారు."

కరుణాకర్ గుమ్మంలో ఉన్న ఎలీసమ్మ వైపు చూశాడు. బనీను కనిపించే తడి చొక్కా, బురద కాళ్ళు, ఉత్త చేతులు. ఇలా ఉండగా అడగకూడదనే ఇన్నాళ్ళూ ఆగాడు. ఇప్పుడు ఆగాలనిపించలేదు.

"అమ్మగారూ వందనాలు. మీ అమ్మాయంటే నాకిష్టం. మొదటి రోజు టీ కొట్టుకి పొమ్మన్నప్పటి నుంచీ ఇష్టం. నేను పెళ్ళి చేసుకుంటానండి." తర్వాత లిడియా వైపు తిరిగాడు. "చేసుకుంటారా?"

"చేసుకుంటాను," అంది లిడియా. పన్ను మీద పన్ను కనిపించింది.

ఎలీసమ్మ క్యారేజీ కింద పెట్టి, మంచు పట్టిన జారు చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇందులో ఇంకా ఏమన్నా ఉందా?"

"అడుగున కాస్త ఉందమ్మా. ఇక దేనికీ పనికిరాదు, ఎలాగూ పోయేదే." అంటూనే లిడియా ఆగింది. కరుణాకర్ని చూసింది. "ఎలాగూ పోయేదే," అంది మళ్ళీ. "బిళ్ళ తియ్యండి."

బుడే టిఫిను గిన్నె తెచ్చాడు. ఇద్దరూ చెరో పక్కా గుడ్డతో జారు పట్టుకుని వంచారు. అడుగున ఉన్నదంతా గిన్నెలోకి జారింది, పొగలు బల్ల అంచుల మీదుగా నేలకి దిగాయి. బిళ్ళ చుట్టూ బుసబుసలు తగ్గేదాకా కరుణాకర్ ఆగాడు. తొందరపడలేదు. ఆ తర్వాత అయస్కాంతం ముక్కని ట్వీజర్‌తో పట్టి, బిళ్ళ మీదకి తెచ్చి, వదిలాడు.

అది పడలేదు.

బిళ్ళకీ దానికీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి పొగ పోతోంది. అయస్కాంతం కొంచెం ఊగి, సర్దుకుని, గాల్లో నిలబడింది. కరుణాకర్‌కి కళ్ళు మసకబారాయి. పర్చూరులో, పళ్ళు కాల్చే ఫర్నెస్‌లో, మనలాంటి వాళ్ళ ఇంట్లో అయింది. లిడియా అతని చెయ్యి పట్టుకుంది, మొద్దుబారిన వేళ్ళకి ఆ వెచ్చదనం కాసేపటికి గానీ తెలియలేదు.

ఎలీసమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగింది. చీపురుపుల్లతో మెల్లగా పొడిస్తే అయస్కాంతం గిరగిరా తిరిగింది గానీ కింద పడలేదు. చాలాసేపు చూసింది.

"బాగుంది," అని పుల్ల పక్కన పెట్టింది. "కానీ బాబూ, నేను దీన్ని చూసి ఒప్పుకోవడం లేదు. ఇందాక నువ్వు ఆ మూత తియ్యడం చూశాను. అప్పుడే ఒప్పుకున్నాను." తర్వాత బుడే వైపు తిరిగింది. "ఇక్కడ ఎస్టీడీ బూత్ ఎక్కడుంది? ఒంగోలు వాళ్ళని రేపు రావద్దని చెప్పాలి."

బుడే గొడుగు తీసుకుని ఆవిడ వెంట వెళ్ళాడు.

గిన్నెలో నైట్రోజన్ అయిపోవచ్చింది. అయస్కాంతం కొంచెం కొంచెంగా కిందికి దిగి, చప్పుడు లేకుండా బిళ్ళ మీద కూర్చుంది.

"పడిపోయింది," అంది లిడియా.

"బండి రానివ్వండి. మళ్ళీ తేలుద్ది."

"జారులోంచి మాత్రం చుక్క కూడా ఇవ్వను."

"అడగనండి," అన్నాడు కరుణాకర్. ఇద్దరూ క్యారేజీ విప్పుకుని, బల్ల మీద బిళ్ళ పక్కనే పెట్టుకుని, అన్నం తిన్నారు.